మెడ లేని కాసేపు

ఎముకల మేస్త్రికి ఉన్నది ఒక్కటే జబ్బు. మ్యూజియంలో అడుగు పెట్టిన మనిషి ఎంతటివాడైనా సరే, నేల మీద పాకించందే ఆయనకు తోచేది కాదు.

పిల్లల్ని పాకించడంలో గొప్పేమీ లేదు. వాళ్ళు చెప్పకముందే పాకుతారు. మేస్త్రి పాకించిన వాళ్ళలో ఒక జడ్జిగారున్నారు, ఇద్దరు డాక్టర్లున్నారు, పెళ్ళయి మూడు రోజులైన కొత్త జంట ఉంది. ఆ పెళ్ళికొడుకు ప్యాంటు వెనక కుట్టు చర్రుమని విడిపోతే, పెళ్ళికూతురు నవ్వాపుకోలేక పెద్ద డైనోసార్ తోక కింద కూలబడి, మ్యూజియం మూసేదాకా లేవలేదు. తన పనిలో సగం సందర్శకుల మోకాళ్ళే చేసిపెడుతున్నాయని హాలు తుడిచే ఆవిడ అందరికీ చెప్పుకునేది.

మేస్త్రి పెద్దగా చదువుకోలేదు. మెట్ల రెయిలింగుకి వెల్డింగు పెట్టడానికి వచ్చిన మనిషి. ఆ రోజు డైనోసార్ పక్కటెముక ఒకటి ఇనప చట్రంలోంచి జారి వేలాడుతోంది. దాని కింద ముగ్గురు నిపుణులు నిలబడి, ఈ విషయమై ఎవరికి ఉత్తరం రాయాలా అని చర్చించుకుంటున్నారు. మేస్త్రి నిచ్చెన తెచ్చి వేసుకున్నాడు, పైకెక్కాడు, జేబులోంచి తీగ తీసి కట్టాడు, దిగాడు.

"మీరు నిదానంగా రాసుకోండి సార్, ఈలోగా అది పడదు" అన్నాడు.

ఇది ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఎముకలు నిలబెట్టే పని అప్పట్నించీ ఆయనదే. రెయిలింగు మాత్రం ఈనాటికీ సగంలోనే ఉంది.

పాకుడు జబ్బు ఆయనకు మొదట్నించీ లేదు, ఒక పొరపాటు వల్ల అంటుకుంది. డైనోసార్లకంటే ముందు బతికిన, మొసలంత జంతువొకటి పెట్టెల్లో వచ్చింది. పుస్తకంలో దాని బొమ్మ పక్కనుంచి వేసి ఉంది. ఆ బొమ్మ చూసి మేస్త్రి కాళ్ళు నాలుగూ స్తంభాల్లా కిందికి దించి, నలభై రోజులు చెమటోడ్చి జంతువుని నిలబెట్టాడు. అందరూ భేష్ అన్నారు. ఆయనకే ఎక్కడో తేడా కొట్టింది. భుజం గుంటలో చెయ్యెముక కుదురుగా కూర్చోవడం లేదు. రెండు రోజులు తిండి సయించలేదు. మూడో రోజు చూసి చూసి, చొక్కా చేతులు మడిచి, నేల మీద చేతులానించి తనే ఆ జంతువైపోయాడు. మోచేతులు పక్కలకి చాపేసరికి విషయం భుజానికి తెలిసింది. బల్లికున్నట్టు దాని చేతులు పక్కలకి పరుచుకుని ఉండాలి! భేష్ అన్నవాళ్ళంతా చూస్తుండగానే నలభై రోజుల పనీ విప్పి కుప్ప పోసి, మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆ రోజు నుంచి పుస్తకం చెప్పినా, ప్రొఫెసరు చెప్పినా సరే, తన మోచేయి కూడా ఒప్పుకున్నాకే ఆయన నమ్మేవాడు. ఎదుటివాళ్ళ మోచేతులు కూడా ఒప్పుకుని తీరాలనేవాడు.

"ఈ జంతువు కాళ్ళేమిటి, ఇలా పక్కలకున్నాయి?" అనడిగాడు ఒకసారి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు.

"నోటితో చెప్తే తెలీదండి. వంగండి."

"ఏవయ్యా, నేనెవర్ననుకున్నావు? ఇన్‌స్పెక్టర్ని!"

"పర్లేదండి, ఇన్‌స్పెక్టర్లకి కూడా వస్తుంది."

ఇంకోసారి ఒక పెద్దమనిషి, భార్య ఏదో అడగబోతే, పదిమందిలో "నీకు తెలీదులే, ఊరుకో" అని కసిరాడు. ఆవిడ ముఖం చిన్నబోయింది. ఎక్కడ్నించి ఊడిపడ్డాడో మేస్త్రి ఊడిపడ్డాడు.

"అయ్యగారికి అన్నీ తెలుసన్నమాట! అయితే మీరే చేసి చూపించాలి. దిగండి. ఊఁ, మోచేతులు పక్కలకి. కడుపు నేలకి తగలకూడదు. ఇప్పుడు గోడదాకా నడవండి. అమ్మగారూ, మీరు ఇలా కుర్చీలో కూర్చుని, అయ్యగారు తప్పు చేస్తే చెప్పండి."

అయ్యగారు గోడదాకా వెళ్ళి వచ్చేసరికి రొప్పుతున్నాడు. అమ్మగారు మూడు తప్పులు పట్టుకుంది.

ఇలాంటి ఫిర్యాదులు బుట్టెడు పోగయ్యాక డైరెక్టరుగారు మేస్త్రిని పిలిపించాడు. డైరెక్టరుగారు భారీ మనిషి. కూర్చుంటే లేవడానికి, లేస్తే కూర్చోవడానికి ముందుగా ఆలోచించుకునే రకం.

"మేస్త్రీ, ఇది మ్యూజియమా, పసిపిల్లల్ని ఆడించే చోటా?"

"రెండూ ఒకటే కాదా సార్?"

"కాదు! ఇంకొక్క మనిషి పాకాడని నా చెవిన పడిందో, నిన్ను కింద గోదాంలోకి తోసేస్తాను. పెట్టెల దుమ్ము దులుపుకుంటూ పడుందువుగాని. ఎముక మీద చెయ్యి వెయ్యనివ్వను."

అన్నంత పనీ చేసేలాగే ఉన్నాడు. ఇత్తడి ఫ్రేములో బోర్డు కూడా రాయించాడు: 'ఈ హాలులో పాకరాదు.' ఆ బోర్డు చూసేదాకా పాకాలన్న ఆలోచనే రానివాళ్ళు కూడా అది చదివి, "ఇక్కడ పాకుతారా? ఎలా?" అని మేస్త్రిని వెతుక్కుంటూ వచ్చేవారు. మేస్త్రి అటూ ఇటూ చూసి, డైరెక్టరుగారి గది తలుపు మూసి ఉందంటే, "దిగండి" అనేవాడు.

అలాంటి చోటికి గైడుగా చేరింది ఆ అమ్మాయి.

రాతపరీక్షలో ఆవిడే మొదటిది. ఏ ఎముక ఎన్ని కోట్ల ఏళ్ళదో, ఏ పన్ను ఏం నమిలిందో నిద్రలో లేపి అడిగినా రాసిచ్చేది. చిక్కల్లా అదే, రాసిచ్చేది. ముగ్గురికి మించి మనుషులు తనవైపు చూస్తే చాలు, గొంతు లోపలికి వెళ్ళి తలుపేసుకునేది. పిన్నికి జిరాక్సు దుకాణం ఉంది. మ్యూజియం ఉద్యోగమనగానే పిన్ని నెత్తి కొట్టుకుంది.

"నోట్లో నాలుక లేనిదానివి, నోటితో చేసే ఉద్యోగమేమిటే? నా మిషను దగ్గర నిలబడు. దానికి కాయితం పెడితే చాలు, కబుర్లు చెప్పక్కర్లేదు."

"అక్కడ ఎముకలుండవుగా పిన్నీ."

"ఈ మూడు నెలలూ చూస్తా. వాళ్ళు పొమ్మన్న మర్నాడు నువ్వు మిషను దగ్గరుండాలి."

గడువు నిజంగానే మూడు నెలలు. ఆఖరి రోజున కమిటీ వచ్చి గంటసేపు ఆ అమ్మాయి చెప్పేది వింటుంది. బాగా చెప్తే ఉద్యోగం ఖాయం. లేదంటే జిరాక్సు.

మొదటి రోజే గండం గట్టెక్కలేదు. చెప్పాల్సిందంతా చీటీల మీద రాసుకొచ్చింది. కంగారులో చీటీలు తారుమారయ్యాయి. చేపల గదిలో నిలబడి, తలెత్తకుండా, డైనోసార్ల చీటీ గడగడా చదివేసింది. "దీని ఒంటి మీద ఈకలుండేవి" అనేసరికి ఇరవై నలుగురు మనుషులు రాతిలోని చేపను కళ్ళు చిట్లించి చూశారు. ఒకాయన తనకు కనిపించాయని కూడా అన్నాడు. ఆ మాటకి అమ్మాయి తలెత్తింది, నలభై ఎనిమిది కళ్ళు చూసింది, గొంతు మూసుకుపోయింది.

"అలా నిలబడి చూస్తే ఈకలు కాదు కదా, ఏమీ కనబడవండీ" అంటూ నిచ్చెన మీదనుంచి మేస్త్రి దిగొచ్చాడు. "అందరూ కిందికి దిగండి!"

ముందు ఆయన చేతులానించాడు, వెనకే ఇరవై నలుగురూ దిగారు. అమ్మాయి తనలో తను గొణుక్కున్నట్టు రెండు మాటలు చెప్పింది, అక్కడితో టూరు ముగిసింది.

మర్నాడూ అంతే. ఆ నెలంతా అంతే. మాట ఆగడం, మేస్త్రి దిగడం, జనం పాకడం. అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. టికెట్లిచ్చే అక్క దగ్గరికి వెళ్ళి వెళ్ళబోసుకుంది.

"అసలే నాకు మాట రాక నేను చస్తుంటే, ఆయన మధ్యలో దూరి అంతా సర్కస్ చేస్తున్నాడక్కా."

"ఊరందర్నీ పాకిస్తాడు. నీ ఒక్కదాని మీదేం పగలేదులే" అంది టికెట్టక్క చిల్లర ఏరుతూ.

"నాకు రెండు నెలలే ఉన్నాయి!"

"అయితే ఆయనకే చెప్పు. మంచివాడే. కాస్త తిక్క, అంతే."

చెప్పడానికి రెండు రోజులు ధైర్యం కూడగట్టుకుంది. మూడో రోజు, మేస్త్రి ఒక వెన్నుపూసను దూదిలో పెట్టుకుని బ్రష్షుతో తుడుస్తుంటే వెళ్ళి నిలబడింది.

"మేస్త్రిగారూ, నేను మాట్లాడుతుంటే మీరు రాకండి."

"నువ్వు మాట్లాడుతుంటే నేనెందుకొస్తానమ్మా?" అన్నాడాయన, తలెత్తకుండా.

పైగా వెటకారం కూడానా అనుకుని అమ్మాయి విసవిసా వెళ్ళిపోయింది.

కమిటీ వచ్చే రోజు రానే వచ్చింది. డైరెక్టరుగారు పొద్దున్నే మేస్త్రిని పిలిచి, "ఇవాళ నువ్వు పెద్ద హాల్లో నిచ్చెన మీద ఉండు. నట్లు బిగించుకో. దిగావో, నేరుగా గోదాంకే" అని చెప్పేశాడు. మేస్త్రి "అలాగే సార్" అని బుద్ధిగా నిచ్చెనెక్కాడు.

కమిటీ అంటే ముగ్గురు. ఒకరు డైరెక్టరుగారు. ఇంకొకరు పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారి, ఇస్త్రీ మడత నలగని మనిషి. మూడోవారు ప్రొఫెసరమ్మ. డెబ్బై ఏళ్ళుంటాయి. నలభై ఏళ్ళు శిలాజాల పాఠాలే చెప్పింది. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూస్తే రాళ్ళు కూడా సర్దుకుని కూర్చుంటాయని చెప్పుకుంటారు.

ముగ్గురూ పెద్ద హాల్లో మొదటి గాజుపెట్టె ముందు నిలబడ్డారు. పెట్టె నేలకి జానెడెత్తులో ఉంటుంది. అలా పెట్టింది మేస్త్రే. అందులో రాతి పలక మీద చపాతీలా చదునైన తల ఉన్న జంతువు నకలు. సగం చేప, సగం నేలజీవి. దాని అసలు పేరు పలకాలంటే మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి పీల్చుకోవాలి.

"ఊఁ, మొదలుపెట్టమ్మా" అన్నాడు డైరెక్టరుగారు.

అమ్మాయి నోరు తెరిచింది. "ఇది... ముప్పై ఏడున్నర కోట్ల..." అక్కడ ఆగింది. ప్రొఫెసరమ్మ కళ్ళజోడు పైనుంచి చూస్తోంది. అధికారి గడియారం చూస్తున్నాడు. అమ్మాయి గుటక మింగింది. చెవుల్లో పిన్ని దుకాణంలోని మిషను కాయితాలు కక్కుతున్న చప్పుడు వినిపించింది.

"ఫర్వాలేదు, నిదానంగా" అన్నాడు అధికారి, గడియారం చూస్తూనే. ఆ మాటతో మిగిలిన కాస్త గొంతూ పోయింది.

పైనెక్కడో పానా కిందపడిన చప్పుడైంది. తర్వాత నిచ్చెన కిర్రుమంది. డైరెక్టరుగారు కళ్ళు మూసుకున్నాడు.

"మేస్త్రీ!"

"పానా తీసుకుపోదామని వచ్చాను సార్." వంగి పానా తీసుకున్నాడు. తీసుకుని వెళ్ళలేదు. ప్రొఫెసరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, తమరు పెద్దవారు. ఒక్క మాట. దీనికి మెడ ఎందుకొచ్చిందో తెలుసాండీ?"

"నలభై ఏళ్ళుగా అదే చెప్తున్నానయ్యా."

"చెప్పడం సరేనమ్మా, ఎప్పుడైనా చేసి చూశారా?"

డైరెక్టరుగారి ముఖం రంగు మారింది. ప్రొఫెసరమ్మ మేస్త్రిని ఎగాదిగా చూసింది. జంతువుని చూసింది. మళ్ళీ మేస్త్రిని చూసింది. కళ్ళజోడు తీసి, మడిచి, చేతిసంచిలో వేసుకుంది.

"లేదు" అంది. "ఎలా చెయ్యాలి?"

"దిగండమ్మా" అని ముందు తనే నేల మీద చేతులానించాడు.

ప్రొఫెసరమ్మ దిగింది. అంతావిడ దిగాక అధికారి నిలబడితే బాగుండదు. ప్యాంటు మడత వైపు ఒకసారి దిగులుగా చూసుకుని అతనూ దిగాడు. పైఅధికారి నేల మీదుంటే డైరెక్టరుగారు నిలబడితే ఇంకా బాగుండదు. ఆయన ముందు కుర్చీ పట్టుకున్నాడు, తర్వాత గోడ పట్టుకున్నాడు, చివరికి 'ఈ హాలులో పాకరాదు' అన్న బోర్డుకి సరిగ్గా కింద, ఓడ రేవులో లంగరేసినట్టు నెమ్మదిగా దిగాడు.

"ఇప్పుడు ముగ్గురూ చేపలు. చేపకి మెడ లేదు. తల తిప్పకూడదు, ఎత్తకూడదు. చూపు నేల మీదే. ఎవరైనా తల తిప్పితే మళ్ళీ మొదట్నించీ. వీళ్ళకి మెడ ఎప్పుడివ్వాలో నీ ఇష్టం, అమ్మాయ్" అని మేస్త్రి పాకుతూనే పక్కకి తప్పుకున్నాడు.

అమ్మాయి చూసింది. ఎదురుగా మూడు వీపులు. ఒక్క కన్నైనా లేదు. గొంతు తలుపు తీసుకుని మెల్లగా బయటికొచ్చింది.

"చేపకి తల వెనకే భుజం" అంది. "రెండూ ఎముకలతో అతుక్కుని ఉంటాయి. పక్కకి చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. మీరిప్పుడు కుడిపక్కన ఏముందో చూడండి. తల తిప్పకుండా."

ముగ్గురు చేపలూ ఒళ్ళంతా తిప్పారు. డైరెక్టరుగారి తిరుగుడుకి అధికారి గోడకి కొట్టుకున్నాడు.

"లోతు నీళ్ళలో ఇది సుళువే. కానీ మోకాటిలోతు బురదనీళ్ళలో, రెక్కలు నేలకి ఆనించి నిలబడ్డప్పుడు ఎంత కష్టమో..."

"తెలుస్తోందమ్మా" అన్నాడు డైరెక్టరుగారు నేలతో.

"రెక్కలో మణికట్టు లాంటిది ఉందంటారు కదా, అదెలా చెప్తావు?" నేల మీదనుంచే ప్రశ్న వదిలింది ప్రొఫెసరమ్మ.

"భుజం దగ్గర ఒక ఎముక, తర్వాత రెండు, తర్వాత చిన్నవి గుంపుగా. మన చేతిలోనూ ఇదే వరస. ఇప్పుడు మీ బరువు ఎక్కడ ఆగిందో చూసుకోండి మేడమ్. ఆ చిన్న ఎముకల గుంపు మీదే కదా? దానికీ అక్కడే ఆగేది."

"ఊఁ" అంది ప్రొఫెసరమ్మ. ఆ 'ఊఁ' కోసం ఆవిడ శిష్యులు ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు.

ఇక అమ్మాయికి పట్టపగ్గాల్లేవు. నీళ్ళు ఎందుకు తగ్గాయో, గట్టున ఏముండేదో, ఊపిరి ఎలా పీల్చిందో, చీటీ అన్నది చూడకుండా చెప్పుకుపోతోంది. మూడు నెలలుగా లోపల పేరుకున్నదంతా వాగులా వస్తోంది. పది నిమిషాలు గడిచాయి. పదిహేను గడిచాయి.

"అమ్మా" అని నేల మీదనుంచి నీరసంగా వినిపించింది. "మెడ ఎప్పుడిస్తావు తల్లీ?"

అమ్మాయి నాలిక్కరుచుకుంది. "అయ్యో, మర్చేపోయాను సార్! ఈ గాజుపెట్టెలోదే మెడ ఉన్న మొదటివాళ్ళలో ఒకటి. దీని తలకీ భుజానికీ మధ్య ఎముకలు ఊడిపోయాయి. తల స్వేచ్ఛగా తిరుగుతుంది. తీసుకోండి సార్, తిప్పండి!"

మూడు తలలు ఒక్కసారిగా తిరిగి, ఎత్తి, ఆ అమ్మాయి వైపు చూశాయి. ఆరు కళ్ళు. అధికారి ముఖంలో చిన్నపిల్లాడి సంబరం. డైరెక్టరుగారి కళ్ళలో మోక్షం. అమ్మాయి ఒక్క క్షణం బెదిరింది. బెదిరిన సంగతి గుర్తించేలోపే నోరు తర్వాతి వాక్యంలో ఉంది.

"ఇంకో కోటి ఏళ్ళు పోనిద్దాం. ఇప్పుడు వేళ్ళు. ఈ పక్క పెట్టెలోదానికి చేతికి ఎన్నున్నాయో లెక్కపెట్టండి."

"ఎనిమిదా!" అన్నాడు అధికారి. "అబద్ధం!"

"ఎనిమిదే సార్. ఐదన్నది తర్వాత కుదిరిన లెక్క."

అక్కడ్నించి మోచేతులు పక్కలకి పెట్టించి బల్లి నడక నడిపించింది. చేతులు వణికిపోయేదాకా ఆపి, "ఇప్పుడు మోచేతులు లోపలికి, కాళ్ళు ఒంటి కిందికి. బరువు తగ్గింది కదూ? ఇదీ డైనోసార్ రహస్యం. కాళ్ళు స్తంభాలయ్యాయి, అందుకే మేడంత పెరగగలిగింది" అంది. గంట అన్నది గంటా నలభై నిమిషాలైంది. అధికారి ఒక్కసారీ గడియారం చూడలేదు.

లేచాక ప్రొఫెసరమ్మ మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటూ, "ఈ పద్ధతి ఎవరు పెట్టారు?" అనడిగింది.

డైరెక్టరుగారు బోర్డు వైపు చూశాడు. అధికారి వైపు చూశాడు. "మా మ్యూజియం... ప్రత్యేకతండీ" అన్నాడు.

"బోర్డు తీసెయ్యండి. దాని బదులు ఒక తివాచీ వేయించండి."

ఉద్యోగం ఖాయమైంది. పిన్ని దుకాణంలో ఆ వార్త విని, "మా పిల్ల డైరెక్టర్ని పాకించిందట" అని, వచ్చిన ప్రతి కాయితంతోబాటు చెప్పి పంపింది. మేస్త్రిని గోదాంకి పంపించే సంగతి డైరెక్టరుగారు మళ్ళీ ఎత్తలేదు.

కానీ ఆ మర్నాటి నుంచి ఒక వింత జరిగింది. మేస్త్రి టూర్లలోకి రావడం మానేశాడు. కొత్త తివాచీ వేశారు, జనం పాకడానికి సిద్ధంగా వస్తున్నారు, ఆయన మాత్రం రాడు. ఒక రోజు, రెండు రోజులు, రెండు వారాలు. "పాకించే ఆయనేరీ?" అని జనం నిరాశపడుతున్నారు. అమ్మాయి తనే పాకించేది. కానీ ఆయన అరిచినట్టు "దిగండి!" అని అరవడం ఎవరి తరం?

టికెట్టక్కని అడిగితే, "కిందున్నాడు, ఖాళీగానే. వెళ్ళి అడుగు" అంది.

అమ్మాయి కింద పనిగదికి వెళ్ళింది. మేస్త్రి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ప్యాంటు పైకి మడిచి ఉంది. రెండు మోకాళ్ళూ వాచి గుమ్మడికాయల్లా ఉన్నాయి. నొప్పుల తైలం రాసి, గుడ్డ చుట్టుకుంటున్నాడు. గదంతా తైలం ఘాటు.

"అయ్యో మేస్త్రిగారూ, ఇదేమిటి? ఎప్పట్నించి?"

"ఎనిమిదేళ్ళు. వంగొద్దన్నాడు డాక్టరు."

"మరి రోజూ దిగి, అందరితోబాటు పాకేవారుగా!"

"తప్పుతుందా? నేను దిగకుండా ఎదుటివాణ్ణి దిగమంటే ఎవడు దిగుతాడు?"

"మరి ఇప్పుడెందుకు రావట్లేదు? జనం అడుగుతున్నారు."

"ఇప్పుడెందుకమ్మా? నీకు గొంతొచ్చేసిందిగా" అన్నాడు మేస్త్రి, గుడ్డ ముడి బిగిస్తూ. అన్నాక, ఏదో పానా చేతిలోంచి జారవిడిచినవాడిలా చటుక్కున ఆగిపోయాడు. "అంటే... పని ఎక్కువగా ఉంది. ఎముకలున్నాయి. నట్లున్నాయి. పో, పో."

అమ్మాయి పోలేదు. నిలబడి మూడు నెలలూ మొదట్నించీ నెమరేసుకుంది. తన మాట సాగుతుండగా ఆయన వచ్చిన రోజు ఒక్కటైనా గుర్తు రాలేదు. అంతమందినీ కిందికి దించి, అన్ని కళ్ళనీ నేలకి తిప్పినప్పుడల్లా, నిలబడి ఉన్నది తనొక్కతే.

"మేస్త్రిగారూ..."

"నాకు ఎముకల సంగతి తప్ప ఇంకేం తెలీదు. కృతజ్ఞతలూ గితజ్ఞతలూ చెప్పకు, తైలం కళ్ళల్లో పడుతుంది" అని ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు.

పైన గంట మోగింది. పదకొండు గంటల టూరు. మెట్ల మీద అడుగుల చప్పుడు, పెద్ద గుంపే వచ్చినట్టుంది.

"వెళ్ళు, జనం వచ్చారు."

అమ్మాయి కదల్లేదు. గొంతు మీద చెయ్యి వేసుకుంది. నోరు తెరిచింది, మూసింది. ఎలాగో కూడదీసుకుని, గాలితో అన్నట్టు, "రావట్లేదు మేస్త్రిగారూ... మళ్ళీ పోయింది..." అంది.

మేస్త్రి ఒక్క ఉదుటున లేచాడు. తైలం డబ్బా దొర్లిపోయింది. "భయపడకు, భయపడకు, నేను ముందు నడుస్తాను, నువ్వు వెనక రా" అంటూ, ఒక మోకాటి గుడ్డ సగం ఊడి వెనక పాకుతుంటే, ఇంకో కాలు ఈడ్చుకుంటూ అప్పుడే మూడు మెట్లు ఎక్కేశాడు.

వెనకనుంచి పకపకా నవ్వు వినిపించింది. చాలా గట్టి నవ్వు. హాలంతా వినబడే గొంతు.

మేస్త్రి వెనక్కి తిరిగాడు.

"ఓసి దొంగపిల్లా!"

"కూర్చోండి బాబాయ్, కూర్చుని తైలం రాసుకోండి" అని ఆయన్ని దాటుకుంటూ, మెట్లు రెండేసి చొప్పున ఎక్కేసింది అమ్మాయి. ఆ వెంటనే పైనుంచి, సగం కట్టిన ఆ రెయిలింగు అదిరేలా, ఆ అమ్మాయి గొంతే వినిపించింది:

"అందరూ దిగండి!"